ఎడమచేతి కాజా

పాకాల టేసను ఎదురుసందులో
మా అంగడి తలుపు ఈమధ్య సగమే తెరుస్తా.
కొత్తగుడ్డ కుట్టించుకునేవాళ్ళు తక్కువ,
జిప్పు మార్చమనేవాళ్ళు జాస్తి.

మొగిలీశ్వరు ఒక కోటు తెచ్చినాడు,
పాత పేపర్లో చుట్టి, కలరా ఉండల వాసనతో.
"మా తాతది. గార్డు కుప్పుసామి నాయుడు.
మద్రాసులో దొరల దర్జీ కుట్టిందంట.
ఏం గుడ్డో, ఏ కాలందో చూసి చెప్పన్నా,
కొనేవాడు అడుగుతాండాడు."

కోటు మాట వినాలంటే ముందు తిరగెయ్యాల.
పైన చూస్తే ఎవురైనా పెద్దమనుషులే.

లోపలి మార్జిన్లో ఒక పోగు లాగి
అగ్గిపుల్ల చూపించినా.
కరిగి పూస కడితే టెర్లిను,
కాగితం మాదిరి మండితే నూలు.
ఇది మండనంటా మండనంటా ముడుచుకొని
వెంట్రుక కాలిన కంపు కొట్టింది.
బూడిద వేళ్ళ నడుమ పిండైంది.
ఉన్నే. కల్తీ లేదు.

వెలుతురుకు ఎత్తిపడితే
నేతలో ఏటవాలు గీతలు,
గాలివాన జల్లు మాదిరి.
సర్జి.
మోచేతుల కాడ నిగనిగ.
సర్జి ముసిలిదయ్యేది అట్లనే,
చిరగదు, మెరుస్తాది.

కాలరు మడత రెండువేళ్ళతో నలిపితే
పొరల మధ్య ఇంకో పొర జారింది.
గుర్రం వెంట్రుకల కాన్వాసు.
ఇప్పటి మాదిరి గమ్ము పెట్టి అంటించింది కాదు,
వందల కుట్లు,
గుడ్డలో సగం పోగును మాత్రమే కరిచి
బయటికి ఒక్కటీ కనపడకుండా.

బొత్తాలు మాత్రం తరవాతవి.
సూది కాల్చి ఆనిస్తే ప్లాస్టిక్ ఏడ్చింది.
వాటి కింద పాత బెజ్జాలు, చుట్టూ పచ్చని చిలుము:
ఒకప్పుడు ఇత్తడివి ఉండినట్టు.
దొరల కోటు కాదబ్బా,
రైలు కోటు.

ఎడమజేబు అడుగున నాలుగు మాసికలు.
ఈల, గడియారం, తాళాలగుత్తి
ముప్పై ఏండ్లు అరగదీసినాయి.
పక్కకుట్లు రెండుమాట్లు వదిలి
ఒకమాటు బిగించినారు.
పెండ్లి, ప్రమోషను, ఆనక చక్కెరజబ్బు
అనుకున్నా నేను.

లోపలిజేబు మీద మద్రాసు దర్జీ పేరుతో చీటీ.
కోటంతా పట్టుదారం,
చీటీకి మాత్రం నూలుదారం.
యాడనో పీకి తెచ్చి ఈడ అతికించినారు.
దీనికి నవ్వొచ్చింది,
మా నాయన బుద్ధి నాకు తెలుసు గదా.

కడపట కాజాలు చూసినా.
కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చూసినా.

కాజా అంచు ముళ్ళు
అందురూ పొయ్యే దోవన పోలేదు,
ఎదురు నడిచినాయి.

మా అమ్మ జైబూన్‌ది ఎడమచెయ్యి.
ఈ అంగడి వెనక, బుడ్డిదీపం కింద,
కాజాకు అర్ధణా లెక్కన.
సొంత మొగుడు కూడా లెక్కరాసే ఇచ్చేవాడు.
బోర్డు మీద నాయన పేరు ఉండాది,
చీటీ మీద మద్రాసువాడి పేరు.
ఆమె కుట్లు ఎవురెవురి రొమ్ములమీదనో
ధర్మవరం దాకా, కాట్పాడి దాకా
టిక్కెట్టు లేకుండా పొయ్యొచ్చినాయి.
ఆమె మటుకు రైలెక్కింది ఒక్కసారే,
వేలూరు ఆస్పత్రికి.

"ఏం తేలిందన్నా, మద్రాసుదేనా?"

"చీటీ మద్రాసుదే," అన్నా.
"ఉన్ని అసలుది, కుట్టు చేతిది. అమ్మబాక."

"అడ్వాన్సు తీసేసుకున్న్యా గదన్నా.
పైకాజా పోగులు లేచిండాయి,
అదొక్కటి కొత్తగా వేసీ."

సాయంత్రం ప్యాసింజరు పోయినాక
దీపం దగ్గరికి జరుపుకొని
ఎడమచేత్తో సూది పట్టినా.
అంగుస్తాన కూడా ఆ వేలికి ఎక్కలా.
ఐదు కుట్లు వేసి మూడు పీకినా.
మిగిలిన రెండూ ఉండనిచ్చి
తక్కింది కుడిచేత్తో ముగించినా.

కొనేవాడు పని తెలిసినోడైతే
ఆ కాడ ఆగుతాడు.
దోవ ఎందుకు మారిందబ్బా అని
గోరుతో ఒకసారి తడిమి చూస్తాడు.